నడిస్తే దిగులు తగ్గుతుందా?
పాఠకుల ప్రశ్నలకు నెల్లూరు సైకియాట్రిస్టు జవాబులు

కిందటి సంచికలో దిగులు గురించి రాస్తూ చివర్లో "మందులతో పాటు రోజూ కాసేపు చెమట పట్టేలా నడవండి" అని ఒక వాక్యం రాశాను. వచ్చిన ఉత్తరాల్లో సగం ఆ వాక్యం మీదే. కొందరు మెచ్చుకున్నారు, కొందరు ఎగతాళి చేశారు, ఒకావిడ నేరుగా తగులుకున్నారు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఉత్తరాలకు ఈసారి జవాబులు. ఎవరు రాశారో తెలియకుండా వివరాలు కొద్దిగా మార్చాను.

ప్రశ్న: డాక్టర్ గారూ, నేను లెక్చరర్‌ని. పొద్దున్నే గ్రౌండులో నడుస్తున్నాను. నడిచొచ్చాక మనసు తేటగా ఉంటుంది, పిల్లల మీద అరవబుద్ధి కాదు. మధ్యాహ్నానికి మళ్లీ మామూలే. మా అబ్బాయి "అది ఎండార్ఫిన్ నాన్నా" అంటాడు. మా ఆవిడ "ఇంటి గోల లేకుండా గంటసేపు బయట తిరిగితే ఎవరికైనా హాయిగానే ఉంటది" అంటది. ఎవరి మాట నిజం?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: మీరు లెక్చరర్ కాబట్టి మార్కులే వేద్దాం. ఇద్దరికీ సగం సగం.

మీ ఆవిడ చెప్పినట్టు పొద్దుటి వెలుతురు, నలుగురి పలకరింపు, ఇంటి గొడవకు కాస్త దూరం, ఇవన్నీ మనసుకు మంచివే. కానీ మూసిన గదిలో ట్రెడ్‌మిల్ మీద గోడ చూస్తూ నడిచినవాళ్లకు కూడా మూడ్ మెరుగుపడినట్టు ఎన్నో పరీక్షల్లో కనపడింది. అంటే కాళ్లు ఆడించడంలోనే ఏదో ఉంది.

ఇక మీ అబ్బాయి మాట. ఎండార్ఫిన్ అంటే ఒంట్లోనే తయారై నొప్పి తగ్గించే పదార్థం. గట్టిగా వ్యాయామం చేస్తే రక్తంలో ఎండార్ఫిన్ పెరిగేది నిజమే. అయితే మెదడు చుట్టూ ఉన్న రక్తనాళాల గోడ దాన్ని అంత సులభంగా లోపలికి రానివ్వదు. 2008లో జర్మనీలో పరుగు తీసేవాళ్ల మెదళ్లను స్కాన్ చేసి, ఎండార్ఫిన్ లాంటి పదార్థాలు మెదడు లోపలే విడుదలవుతున్న ఆనవాళ్లు పట్టుకున్నారు. దాంతో కథ తేలిందనుకున్నారు. 2021లో జర్మనీ వాళ్లే ఇంకో పరీక్ష చేశారు. ఎండార్ఫిన్ పనిచేసే తలుపుల్ని మూసేసే నాల్‌ట్రెక్సోన్ మాత్ర ఇచ్చి, 45 నిమిషాలు పరిగెత్తించారు. మాత్ర వేసుకున్నా పరుగు తర్వాతి హుషారు తగ్గలేదు. అందుకని ఇప్పుడు ఎక్కువమంది చూపు ఎండోకన్నబినాయిడ్ల మీద ఉంది. ఇవి మన ఒంట్లోనే తయారవుతాయి, కొవ్వులో కరిగే రకం కాబట్టి మెదడులోకి తేలిగ్గా పోతాయి. గంజాయి మెదడులో ఎక్కడ పట్టుకుంటుందో ఇవీ అక్కడే పట్టుకుంటాయి. ఈ ముక్క మీ అబ్బాయికి చెప్పేటప్పుడు కొంచెం చూసుకుని చెప్పండి.

మధ్యాహ్నానికి మామూలైపోతున్నారని దిగులుపడకండి. ఒక రోజు నడక ఇచ్చే హాయి కొద్ది గంటలకు మించి నిలవదు, ఎవరికైనా అంతే. దాని కింద ఇంకో మార్పు వారాల తరబడి మెల్లగా జరుగుతుంది. బీడీఎన్ఎఫ్ అనే ప్రోటీన్ ఒకటి ఉంది, మెదడు కణాలు బతికి కొత్త లింకులు వేసుకోవడానికి అది కావాలి. చక్రంలో పరిగెత్తిన ఎలుకల మెదడులో అది పెరుగుతుందని 1995లోనే చూపించారు. ఆ మార్పును మీరు రోజువారీగా పసిగట్టలేరు. రెండు మూడు నెలలకు ఇంట్లోవాళ్లు ముందు గమనిస్తారు.

మీరు వేగం గురించి అడగలేదు గానీ నేనే చెప్తాను, ఎక్కువమంది తప్పేది అక్కడే. వాచీలో గుండె లెక్కలు చూసుకుంటూ నడవక్కర్లేదు. కావలి నుంచి నెల్లూరుకు ప్యాసింజర్ బండి ఎక్కేవాళ్లకు నేను చెప్పే పద్ధతి ఇది. నడుస్తూ పైకి చదవండి: బిట్రగుంట, అల్లూరు రోడ్డు, తలమంచి, కొడవలూరు, పడుగుపాడు, నెల్లూరు. అన్నీ ఒకే ఊపిరిలో పాటలాగా వచ్చేస్తే మీరు షికారు చేస్తున్నారు, వేగం పెంచండి. స్టేషన్‌కొకసారి ఊపిరి పీల్చుకోవాల్సి వస్తే ఎక్కువైంది, తగ్గించండి. రెండు మూడు స్టేషన్లకు ఒక ఊపిరి పడుతుంటే అదే సరైన వేగం. పక్కన ఎవరైనా వింటే నవ్వుతారు, నవ్వనివ్వండి.

ప్రశ్న: మేడమ్, మీరు రాసింది చదివి నవ్వొచ్చింది. నాలుగింటికి లేస్తే రాత్రి పదింటి దాకా కాళ్ల మీదే ఉంటాను. గేదెలు, వంట, పిలకాయల క్యారియర్లు, నాట్లప్పుడు కయ్యలో నడుం వంచితే పొద్దు గూకేదాకా ఎత్తేది లేదు. చెమటకేం తక్కువ? అయినా దిగులు పోలా. చెమట పడితే దిగులు పొయ్యేటట్టయితే మా ఊళ్లో ఏ ఆడమనిషికీ దిగులు ఉండకూడదు గదా? నడకకి పోతానంటే మా అత్త "ఇంట్లో నడిచే నడక చాలదా" అంటది. ఏం చెప్పమంటారు?
– ఒక పాఠకురాలు, ఇందుకూరుపేట మండలం

జవాబు: అమ్మా, ఈ సంచికకు వచ్చిన ఉత్తరాల్లో మీదే అసలైన ప్రశ్న. మీరు అన్నది ముమ్మాటికీ నిజం. పనిలో పడే కష్టానికీ, తీరిక సమయంలో మనకోసం చేసే వ్యాయామానికీ మనసు మీద ప్రభావం ఒకటి కాదని పరిశోధనల్లో మళ్లీ మళ్లీ తేలింది. తీరిక సమయంలో చేసేదానికి మనసు కుదురుతో గట్టి సంబంధం కనపడుతుంది. కూలిపనికి, ఇంటి చాకిరీకి అలాంటిది పెద్దగా కనపడదు.

ఎందుకంటే, నాట్లు వేసేటప్పుడు ఒళ్లు ఎట్లా ఉంటుందో చూడండి. నడుం వంగే ఉంటుంది, తల కిందికి, కాళ్లు బురదలో. కండరాలు బిగుసుకుని అలసిపోతాయి గానీ గుండె ఒకే వేగంతో పావుగంట, ఇరవై నిమిషాలు కొట్టుకునేది ఉండదు. ఇంటిపని కూడా అంతే, లేస్తారు, వంగుతారు, ఆగుతారు, ఎవరో పిలుస్తారు. ఒంటికి అలసట మిగులుతుంది, మెదడుకు దక్కాల్సింది దక్కదు. మీరు చెప్పిన లెక్కన నిద్ర ఆరు గంటలు కూడా లేదు. నిద్ర చాలని మెదడు చిన్నదానికీ దిగులుపడుతుంది.

రెండో కారణం ఒంటికి సంబంధించింది కాదు. చాకిరీ మీరు ఎంచుకున్నది కాదు, మధ్యలో ఆపే వీలు లేదు, ఆపితే మాట పడాలి. నడక మీరు ఎంచుకున్నది, వద్దనుకుంటే వెనక్కి తిరిగి రావచ్చు. ఆ స్వేచ్ఛకు కూడా మెదడు దగ్గర లెక్క ఉంటుందని నా అభిప్రాయం. నా దగ్గరికి వచ్చే ఆడవాళ్లు చాలామంది "నడిచినందుకు కాదు మేడమ్, అరగంట నన్ను ఎవరూ పిలవలేదు" అంటారు.

కాబట్టి ఉన్న చాకిరీకి తోడు ఇంకో పని మీ నెత్తిన పెట్టను. ముందు దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో హిమోగ్లోబిన్ చూపించుకోండి. మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తం తక్కువగా ఉన్నవాళ్లేనని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. రక్తం తక్కువైనా, థైరాయిడ్ తగ్గినా నీరసం, దిగులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. అప్పుడు ఎంత నడిచినా ఫలితం ఉండదు. పైగా ఆయాసం వస్తుంది.

తర్వాత నడక. గేదెలున్నాయి అంటే పాలు పొయ్యడానికి పాలకేంద్రానికి పోతారు గదా. వచ్చేటప్పుడు దగ్గరి దారి వదిలేసి కాలవ కట్ట మీదుగా రండి. ఖాళీ క్యానే కాబట్టి చెయ్యి బరువుండదు. ఒక ఇరవై నిమిషాలు, వారానికి మూడు సార్లు. అంటే వారానికి గంట. ఇది ఏ మూలకి అనుకోవద్దు. నార్వేలో దిగులు జబ్బు లేని 34 వేల మందిని 11 ఏళ్ల పాటు గమనించి 2017లో ఫలితాలు ప్రచురించారు. వారానికి ఒక గంట వ్యాయామం చేసినవాళ్లలో కూడా, అసలు చేయనివాళ్లకంటే తర్వాత డిప్రెషన్ వచ్చినవాళ్లు తక్కువ. పరుగులు పెట్టారా, మామూలుగా నడిచారా అన్నది కూడా పెద్ద తేడా చూపలేదు.

మీ అత్తగారిని కూడా రమ్మని పిలవండి. వస్తే ఆవిడ మోకాళ్లకూ మంచిది. రాకపోతే, పిలిచిన మనిషిని మళ్లీ అడ్డుకోవడం కష్టం. మీ ఇంట్లో మగవాళ్లు ఈ పేజీ చదివితే వాళ్లకో మాట: ఒక్క పూట పాలు పితికే పని మీరు తీసుకుంటే, ఆమెకు నేను రాసే చీటీకంటే అది ఎక్కువ పనిచేస్తుంది.

ఇంకొకటి, ఇది మర్చిపోవద్దు. రెండు వారాలకు మించి రోజూ దిగులుగానే ఉండి, ఇదివరకు ఇష్టమైనవాటి మీద కూడా ఆసక్తి పోయి, అన్నం, నిద్ర చెడితే అది అలసట కాదు. డాక్టరుకు చూపించుకోవాలి.

ప్రశ్న: ఒంగోలులో రూమ్ తీసుకుని కానిస్టేబుల్ ఉద్యోగానికి ప్రిపేర్ అవుతున్నాను మేడమ్. ఈవెంట్స్ కోసం రోజూ తెల్లారి 1600 మీటర్లు టైమ్ పెట్టుకుని పరిగెత్తుతున్నా. రన్నింగ్ చేస్తే హ్యాపీగా ఉంటుందంటారు, నాకేమో పరిగెత్తేటప్పుడు నరకం, అయిపోయాక చిరాకు. నాలో ఏదైనా లోపమా?
– 22 ఏళ్ల అభ్యర్థి, ఒంగోలు

జవాబు: లోపమేం లేదు నాయనా. మాట్లాడగలిగే వేగం వరకు చాలామందికి హాయిగానే ఉంటుంది. ఆ గీత దాటి రొప్పడం మొదలయ్యాక దాదాపు అందరికీ బాధే. ఆగిన కొద్ది నిమిషాలకు మూడ్ మళ్లీ పైకి లేవాలి, మామూలుగా జరిగేది అది. నీకు లేవడం లేదంటే కారణాలు నాకు రెండు కనపడుతున్నాయి. రోజూ పూర్తి దమ్ముతో పరిగెత్తుతున్నావు, ఒళ్లు తేరుకునే టైమ్ ఇవ్వడం లేదు. ఆగీ ఆగగానే స్టాప్‌వాచ్ చూస్తున్నావు, అంటే నీ రోజు ఒక పరీక్ష ఫలితంతో మొదలవుతోంది.

టైమ్ పెట్టి పరిగెత్తడం వారానికి రెండు రోజులు చాలు. మిగతా రోజుల్లో వాచీ రూమ్‌లో వదిలేసి, పక్కవాడితో కబుర్లు చెప్పగలిగేంత మెల్లగా జాగింగ్. ఒక రోజు పూర్తిగా సెలవు. రాత్రి ఒంటిగంట దాకా చదివి నాలుగున్నరకు గ్రౌండులో ఉంటున్నావేమో, రూముల్లో ఉండే పిల్లలు చాలామంది చేసేది అదే. టీ, బన్ను మీద పరుగు సాగదు, గుడ్లు తిను, అరటిపండు తిను. ఇరవై నిమిషాల చురుకైన నడక తర్వాత కాసేపు ఏకాగ్రత కొంచెం మెరుగ్గా ఉంటుందని కూడా తేలింది. అర్థమెటిక్ లాంటి మొండి సబ్జెక్టు ఆ టైముకు పెట్టుకో.

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్ని. వయసు 68. ఈమధ్య పేర్లు చటుక్కున గుర్తుకు రావడం లేదు. పాత విద్యార్థి నమస్కారం పెడితే ముఖం తెలుస్తుంది, పేరు రాదు. నడిస్తే మెదడు పెరుగుతుందని చదివాను. నిజంగా పెరుగుతుందా?
– కందుకూరు

జవాబు: మాస్టారూ, మీరు చదివింది 2011లో అమెరికాలో వచ్చిన పరిశోధన అయ్యుంటుంది. 120 మంది పెద్దవాళ్లను రెండు జట్లు చేసి, ఒక జట్టును వారానికి మూడు రోజులు 40 నిమిషాల దాకా నడిపించారు, ఇంకో జట్టుతో ఒళ్లు సాగదీసే వ్యాయామాలు చేయించారు. ఏడాది తర్వాత నడిచినవాళ్లలో జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్ సుమారు 2 శాతం పెరిగింది. రెండో జట్టులో 1.4 శాతం తగ్గింది. వయసుతో పాటు తగ్గాల్సిన భాగం పెరిగిందంటే చిన్న విషయం కాదు. అయితే తర్వాత చేసిన పరీక్షలన్నీ ఇంత స్పష్టంగా చెప్పలేదు. అందుకని స్కాన్ తీయించుకుని కొలుచుకునే ఆలోచన పెట్టుకోకండి.

నేను మిమ్మల్ని నడవమనేది వేరే లెక్కతో. మెదడు మన ఒంటి బరువులో రెండు శాతమే ఉంటుంది గానీ ఒళ్లు వాడే ఆక్సిజన్‌లో ఐదో వంతు అదే తీసుకుంటుంది. బీపీ, షుగరు అదుపులో లేకపోతే ముందు దెబ్బతినేది దానికి రక్తం మోసే సన్నని నాళాలే. నడక ఆ రెంటినీ దారిలో పెడుతుంది. మోకాళ్లు మొరాయిస్తే సైకిల్ తొక్కండి, మీ తరం వాళ్లకు సైకిల్ కొత్త కాదు.

పేరు నాలుక చివర ఆగి, సాయంత్రానికి గుర్తొస్తే వయసుతో వచ్చే మామూలు మరుపు. తెలిసిన బజారులో దారి తప్పడం, అడిగిందే పదేపదే అడగడం, డబ్బు లెక్కలు తేడా రావడం కనపడితే మాత్రం ఆలస్యం చేయకుండా చూపించుకోండి. అన్నట్టు వినికిడి కూడా ఒకసారి పరీక్ష చేయించండి. పేరు సరిగ్గా వినపడకపోతే గుర్తుండేది ఎట్లా?

ప్రశ్న: దిగులుకు ఆర్నెల్లుగా మాత్రలు వాడుతున్నాను. ఇప్పుడు బాగానే ఉంది. మాత్రలు ఆపేసి, బదులుగా రోజూ నడవొచ్చా?
– ఆత్మకూరు

జవాబు: మీ అంతట మీరు ఆపొద్దు. 1999లో డ్యూక్ విశ్వవిద్యాలయంలో 50 ఏళ్లు దాటిన 156 మంది డిప్రెషన్ రోగులకు, కొందరికి వ్యాయామం, కొందరికి సెర్ట్రలిన్ మాత్ర, కొందరికి రెండూ ఇచ్చి చూశారు. 16 వారాలకు మూడు జట్లూ ఇంచుమించు ఒకేలా మెరుగయ్యాయి. దీన్ని పట్టుకునే "మందులెందుకు" అంటుంటారు. ఆ పరిశోధనలోనే ఇంకో సంగతి ఉంది, మొదటి వారాల్లో మందు వాడినవాళ్లు త్వరగా తేరుకున్నారు. పైగా వ్యాయామం జట్టును వారానికి మూడు సార్లు దగ్గరుండి చేయించారు. మంచం దిగబుద్ధి కాని మనిషిని ఒంటరిగా ఇంట్లో వదిలేసి "పొయ్యి నడువు" అంటే నడవడు, అది బద్ధకం కాదు, జబ్బు లక్షణమే.

ఉన్నట్టుండి ఆపితే తల తిరగడం, చిరాకు, నిద్ర చెడడం రావచ్చు. మీ డాక్టరుతో మాట్లాడి, ఆయన చెప్పినప్పుడు మెల్లగా తగ్గించుకోండి. నడక ఇవాళే మొదలుపెట్టండి, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. చనిపోవాలన్న ఆలోచన ఎప్పుడు వచ్చినా 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్ అనే ప్రభుత్వ సేవ, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

ప్రశ్న: చీమకుర్తిలో గ్రానైట్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌ని. ఏడాదిగా ఉన్నట్టుండి గుండె దడ, చెమటలు, చచ్చిపోతానేమోనని గాభరా. ఈసీజీ, ఎకో అన్నీ నార్మల్. ప్యానిక్ అన్నారు. వ్యాయామం చేయమంటున్నారు, కానీ నాలుగు అడుగులు వేగంగా వేసి గుండె కొట్టుకుంటే మళ్లీ అదే భయం. ఏం చేయాలి?
– 31 ఏళ్లు

జవాబు: మీరు భయపడుతున్నది గుండెకు కాదు, గుండె చప్పుడుకి. వేగంగా కొట్టుకోవడం అంటే ప్రమాదం అని మీ మెదడు జత కట్టేసుకుంది. ఆ జత విడదీయడానికి వ్యాయామం మంచి దారి. గుండె కొట్టుకుంటుంది, చెమట పడుతుంది, ఐదు నిమిషాలకు తగ్గుతుంది, ఏమీ కాదు. ఇది పదే పదే జరిగితే మెదడు ఆ లెక్క మార్చుకుంటుంది. 1998లో జర్మనీలో ప్యానిక్ రోగులను పది వారాలు పరిగెత్తించి చూస్తే ఉత్తుత్తి మాత్ర ఇచ్చినవాళ్లకంటే బాగా మెరుగయ్యారు. అసలు మందు వాడినవాళ్లు ఇంకా త్వరగా, ఇంకా ఎక్కువగా మెరుగయ్యారు. కాబట్టి మందు కూడా వాడండి.

మొదలు ఇట్లా పెట్టండి. ఇంట్లోవాళ్లు పక్కన ఉండగా ఒక అంతస్తు మెట్లు ఎక్కండి. పైన నిలబడి, పారిపోకుండా, గుండె నెమ్మదించే దాకా అక్కడే ఉండండి. మంచినీళ్లు తాగడం, నాడి పట్టుకుని చూసుకోవడం, ఫోన్ తీసి డాక్టరు నంబరు వెతకడం, ఏవీ చేయొద్దు. అదే కష్టమైన భాగం. అది అలవాటయ్యాక రెండు అంతస్తులు, తర్వాత నడక. క్వారీ పక్క దుమ్ములో వద్దు, ఊరికి అవతలి దారిలో నడవండి. కాఫీ, టీలు సగానికి తగ్గించండి, అవి కూడా దడ పుట్టిస్తాయి. నడకలో ఛాతీ మధ్యలో నొప్పి, అది చేతికో దవడకో పాకడం, కళ్లు తిరిగి పడిపోవడం జరిగితే ప్యానిక్ అని తీసిపారేయకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ప్రశ్న: పాటలు వింటూ నడవొచ్చా? సాయంత్రం నడిస్తే నిద్ర చెడుతుందా?
– సింగరాయకొండ

జవాబు: పాటలు వింటే అదే వేగం కాస్త సులువుగా అనిపిస్తుంది, వినండి. హైవే పక్కన నడిచేవాళ్లు ఒక చెవి ఖాళీగా ఉంచుకోండి. సాయంత్రం నడక నిద్రకు మంచిదే, పడుకునే ముందు గంటలో రొప్పే వ్యాయామం మాత్రం కొందరికి పడదు.

ప్రశ్న: రోహిణి కార్తెలో నెల్లూరులో నడవమని చెప్పే డాక్టరు మీరొక్కరే. వడదెబ్బ తగిలితే దిగులూ ఉండదు, మనిషీ ఉండడు.
– మూలాపేట, నెల్లూరు

జవాబు: బాగా తిట్టారు. ఆ పదిహేను రోజులు పొద్దున ఆరున్నర లోపు ముగించండి, లేదా ఇంట్లో ఫ్యాను కింద నిలబడిన చోటే మోకాళ్లు ఎత్తుతూ అడుగులు వేయండి. పది నిమిషాలు చేసి, ఆగి, ఇంకో పది. గుండె వేగం పెరగడం ముఖ్యం, రోడ్డు ముఖ్యం కాదు. బీపీకి నీళ్లు పోయే మాత్రలు వాడేవాళ్లు, మానసిక జబ్బుల మందులు వాడేవాళ్లు ఎండలో ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. ముఖ్యంగా లిథియం వాడేవాళ్లకు చెమట ఎక్కువ పోయి ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో మందు మోతాదు పెరుగుతుంది. చేతులు వణికినా, వాంతులైనా, మాట ముద్దగా వచ్చినా ఆ రోజే డాక్టరును కలవండి.

నిద్ర పట్టని వాళ్ల ఉత్తరాలు కట్టగా ఉన్నాయి, వాటికి వచ్చే సంచికలో.